గౌరక్క దోశ ఫాస్ట్‌ఫుడ్ కాదన్నాను

మొన్న శనివారం మా పెద్దమ్మాయి స్కూలుకి వెళ్లి, దాని లెక్క తప్పని వాదించాను. వెళ్లకుండా ఇంట్లో బట్టలు మడత పెట్టుకున్నా బాగుండేది! ఏం జరిగిందో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకైతే నవ్వే ఓపిక ఇంకా రాలేదు.

మాది విజయనగరం వైపు. పెళ్లయి భిలాయి వచ్చి పద్నాలుగేళ్లయింది. మావారిది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, సెక్టర్ 6లో క్వార్టర్. ఇద్దరూ ఆడపిల్లలే. రమ్య ఏడో క్లాసు, చిట్టి రెండో క్లాసు. అమ్మమ్మ, నానమ్మ, పిన్నిలు, అత్తలు, అందరూ రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్నారు. అందుకని పిల్లలకి ఏం జరిగినా తప్పు నా ఒక్కదాని మీదే పడుతుందని నాకో భయం. పన్ను పుచ్చినా నేనే, మార్కులు తగ్గినా నేనే. ఆ భయం కొద్దీ ఇంటినిండా రూల్సు పెట్టాను. నీళ్లు మరిగించే తాగాలి. ఎక్కడా అబద్ధం రాయకూడదు, పెన్సిల్‌తో అయినా సరే. ఫాస్ట్‌ఫుడ్ రెండు నెలలకోసారి, అదీ ఎవరిదైనా పుట్టినరోజుంటేనే.

ఈ చివరి రూలు ఇంట్లోనే ఉంచుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. జులై మొదట్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. గేటు పక్కన బర్గర్ల కౌంటర్ ఒకటి వస్తుందట, మీ అభిప్రాయమేంటని అడిగారు. నేను లేచాను. "మన పిల్లలు ఫాస్ట్‌ఫుడ్ ఎన్నిసార్లు తింటున్నారో మనలో ఎవరికైనా లెక్క ఉందా? మా ఇంట్లో ఉంది. రెండు నెలలకోసారి!" అన్నాను, నాకు వచ్చిన హిందీలో. చప్పట్లు కొట్టారు. కౌంటర్ రాలేదు. లెక్కల మేడమ్‌కి నా మాట ఎంత నచ్చిందంటే, ఏడో క్లాసు పిల్లలందరికీ దాన్నే ప్రాజెక్టుగా ఇచ్చేసింది. మూడు నెలల పాటు ఇంట్లో ఎవరెవరు ఎన్నిసార్లు ఫాస్ట్‌ఫుడ్ తిన్నారో రోజూ నోటుబుక్కులో రాయాలి, చివర్లో చార్టు గీయాలి. మిగతా తల్లులు ఆ మూడు నెలలూ నన్ను చూసిన చూపులు నేను మర్చిపోలేను.

నేను మాత్రం రమ్య నోటుబుక్కు తెరిచి చూడలేదు. చూడడానికేముంది? సున్నా, సున్నా, ఒకటి. అంతే కదా!

శనివారం ఆ చార్టులన్నీ స్కూలు వరండాలో అంటించి తల్లిదండ్రుల్ని పిలిచారు. గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని వెళ్లాను. రమ్య చార్టు వెతుక్కుని దాని ముందు నిలబడ్డాను. పాపా (అంటే మావారు), చిట్టి, రమ్య, మమ్మీ. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు నిలువు పట్టీలు. పాపావి కనపడీ కనపడనంత చిన్న పట్టీలు. మమ్మీవి ఎర్రరంగు. జులైలో ఐదు, ఆగస్టులో తొమ్మిది, సెప్టెంబరులో పద్నాలుగు. చిట్టి కన్నా, రమ్య కన్నా, ఇంటిల్లిపాది కన్నా నేనే పైన ఉన్నాను!

పక్కనున్న ఒకావిడ చార్టు చూసి, నన్ను చూసి, మళ్లీ చార్టు చూసింది. "దీదీ, దో మహీనే మే ఏక్ బార్ అన్నారు కదా?" అని నా 'రెండు నెలలకోసారి'ని ఎంతో మర్యాదగా గుర్తుచేసింది.

రమ్యని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"ఏటే ఇది? నేనెప్పుడు తిన్నానే పద్నాలుగుసార్లు?"

"గౌరీ ఆంటీ కే పాస్, మమ్మీ."

"గౌరక్క దగ్గరా? అది ఫాస్ట్‌ఫుడ్ ఏటే? దోశ!"

"వో భీ కౌంట్ హోతా హై, మమ్మీ." అదీ లెక్కలోకే వస్తుందట!

గౌరక్క ఎవరో మీకు చెప్పాలి. బొబ్బిలి మనిషి. మా మలుపులో పొద్దున్నా సాయంత్రం దోశల బండి పెడుతుంది. మా పిల్లలు ఇక్కడే పుట్టారు, నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు. గౌరక్క దగ్గర ఆ పప్పులుడకవు. "తెలుగులో అడిగితే గానీ సెట్నీ ఎయ్యను" అంటుంది. చిట్టి మొదటిసారి "ఇంకొంచెం చట్నీ వెయ్యండి" అన్న రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక మంగళవారం వెళ్లాం. తర్వాత గురువారం కూడా. తర్వాత మావారికి బి షిఫ్టు పడిన వారాల్లో, అంటే ఆయన మధ్యాహ్నం వెళ్లి రాత్రి పదింటికి గానీ రాని రోజుల్లో, మరీ ఎక్కువ. కానీ నా దృష్టిలో అది తెలుగు క్లాసు. క్లాసుకి వెళ్లడాన్ని తిండిలో ఎవరు లెక్కేస్తారండీ?

తిన్నగా మేడమ్ దగ్గరికి నడిచాను. "మేడమ్, పిల్ల పొరపాటు పడింది. దోశ మా ఇంటి వంట. మీకు రోటీ ఎలాగో మాకు దోశ అలాగ. మీరు రోటీని ఫాస్ట్‌ఫుడ్ అంటారా?" అన్నాను. మంచి పాయింటు తీశాననుకున్నాను. గొంతు కాస్త పెరిగింది కాబోలు, చుట్టూ పదిమంది చేరారు.

మేడమ్ ఏ మాత్రం చలించలేదు. "రమ్యా, రికార్డ్ దిఖావో" అంది.

రమ్య నోటుబుక్కు తెచ్చింది. మొదటి పేజీలోనే ఒక ఫోటో అంటించి ఉంది. గౌరక్క బండి. నేనెప్పుడూ పెనం వైపు నుంచే వెళ్తాను, బోర్డు రోడ్డు వైపు ఉంటుంది. ఆ బోర్డు మీద హిందీలో, జానెడేసి ఎర్రక్షరాలతో, 'గౌరీ సౌత్ ఇండియన్ ఫాస్ట్ ఫుడ్'. దాని కింద నోరంతా తెరిచి ఎగ్ దోశ పెట్టుకుంటున్న ఆడమనిషి ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను.

మేడమ్ పేజీలు తిప్పింది. తేదీ, ఎవరు, ఏం తిన్నారు, కారణం. వరసగా గళ్లు, స్కేలు పెట్టి గీసినవి. స్కేలు పెట్టి గీయడం నేనే నేర్పాను. 'మమ్మీ, ఎగ్ దోశ, రెండు.' 'మమ్మీ, ఉల్లి దోశ.' 'మమ్మీ, చౌమీన్ దోశ.'

"చౌమీన్ కూడా మీ ఇంటి వంటేనా?" అంది మేడమ్.

దోశలో చుట్టాక లోపల నూడుల్సుంటే ఏం, అది దోశే. అలా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

చివరి గడి, కారణం. అక్కడైనా 'తెలుగు కోసం' అని రాసి ఉంటుందని ఆశగా వంగి చూశాను. పైనుంచి కింది దాకా ఒకటే మాట, హిందీలో. 'మమ్మీ థక్ గయీ థీ.' మమ్మీ అలిసిపోయింది. జులైలో ఐదుసార్లు అలిసిపోయాను. ఆగస్టులో తొమ్మిదిసార్లు. సెప్టెంబరులో ఇక చెప్పక్కర్లేదు.

నిజమే కదా. సాయంత్రం ఏడింటికి ఒకదానికి లెక్కలు, ఒకదానికి స్పెల్లింగులు చెప్పి పొయ్యి దగ్గరికి నడవాలంటే కాళ్లు రావు. "ఏటి సెల్లీ, అలా ఐపోనావు? కూకో, నానేసి ఇస్తాను" అని నాకు స్టూలు జరిపే మనిషి ఈ ఊళ్లో గౌరక్క ఒక్కతే. పిల్లలకి తెలుగు వచ్చిన మాట నిజం. కానీ ఆ స్టూలు కోసం వెళ్లిన మాటా నిజం. అది నాకన్నా ముందు రమ్యకి తెలిసింది.

మేడమ్ పెన్ను చేతికిచ్చింది. "డేటా తప్పయితే పేరెంట్ అలా రాసి సంతకం పెట్టాలి. అప్పుడు సగం మార్కులు తీసేయాలి, రూలు" అంది. సరైనదైతే సరైనదని రాయమంది. ఇన్నాళ్లూ అబద్ధం రాయొద్దని పిల్లల్ని చంపుకు తిన్నాను. ఇప్పుడు పదిమంది చూస్తుండగా పెన్ను నా చేతికొచ్చింది.

రమ్య నా చెంగు పట్టుకుంది. "నువ్వు తప్పని రాసీ మమ్మీ. ఏటీ కాదు. నాను సున్నా పెట్టీసి మల్లీ గీస్తాను" అంది.

పుట్టి పన్నెండేళ్లయ్యాక, ఒక్క హిందీ ముక్క లేకుండా అది నాతో మాట్లాడిన మొదటి మాటలు. అచ్చం గౌరక్క గొంతు! నా పరువు కోసం తన మార్కులు పోగొట్టుకుంటానంటోంది. ఇక ఎలా రాస్తాను తప్పని?

'జులై సరే. ఆగస్టు సరే' అని రాశాను. సెప్టెంబరు దగ్గర పెన్ను ఆగింది.

"రమ్యా, సెప్టెంబరు తప్పే."

దాని మొహం వాడిపోయింది.

"పద్నాలుగు కాదు. పంతొమ్మిది. మీరు స్కూల్లో ఉన్నప్పుడు ఐదుసార్లు నేనొక్కదాన్నే వెళ్లాను."

చెంగు వదిలేసి రమ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "అకేలీ? మరి అప్పుడు తెలుగు ఎవరు నేర్చుకున్నారు?"

మేడమ్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. రమ్యకి పూర్తి మార్కులు వేసింది. కానీ పంతొమ్మిది గీయడానికి చార్టులో చోటు లేదు. పైన ఇంకో కాగితం ముక్క అతికించి, రమ్య కుర్చీ ఎక్కి ఎర్ర స్కెచ్ పెన్నుతో నన్ను ట్యూబ్‌లైటు దాకా పెంచింది.

అప్పుడే మావారు పొద్దుటి షిఫ్టు దిగి, హెల్మెట్ చేతిలో పట్టుకుని తిన్నగా స్కూలుకే వచ్చారు. గోడ వంక తలెత్తి చూసి అడిగారు, "ఏటే, అందరి పిల్లలూ ఫాస్ట్‌ఫుడ్ మీద గీస్తే, మనమ్మాయి ప్లాంటు చిమ్నీ గీసిందేటి?"

"చిమ్నీ కాదండీ," అన్నాను. "అది నేను."