రాయికి చెమట పట్టకుండా

మా చిన్నాయన నోరు తెరిస్తే అబద్ధమేనని మా కంది ఊరికీ, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. అందుకే తొంభైల్లో ఒక వానాకాలం, పొద్దుగూకే వేళ తన జొన్నచేన్లో ఆకాశం నుంచి రాయి పడిందని ఆయన చెబితే ఊరంతా పడీపడీ నవ్వింది.

“రెండు సీసాల కల్లు తాగితే సుక్కలు రాలక ఏం రాలుతయి?” అన్నారు.

పడ్డది నిజం. పిడికిలంత నల్లరాయి. జన్మలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని రుజువు చేసుకోవాలని తిండి కూడా మానేశాడు. జాలేసి, పట్నంలో ఒక యూనివర్సిటీ సారుకు ఫోన్ చేశాను. “అందులో ఇనుముంటుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. చేత్తో ముట్టకుండా పొడిగా, చల్లగా దాచండి, వస్తాను” అన్నారాయన.

పటాన్‌చెరు దగ్గర విత్తనాల కంపెనీ కోల్డ్ రూములో నా ఉద్యోగం. విత్తనానికీ తడే శత్రువు. రాయిని రేకు కవరులో పెట్టి, తేమ పీల్చే గుళికల పొట్లం వేసి, మూతి అతికించి, కందుల పక్కన అరలో పెట్టాను. చీటీలో పంట పేరు దగ్గర ‘రాయి’ అనీ, మొలక శాతం దగ్గర ‘చూడాలి’ అనీ రాశాను.

వారానికి సారు మా కంపెనీకి వచ్చారు. చిన్నాయన ట్రాక్టరు నిండా ఊరివాళ్లను ఎక్కించుకొచ్చాడు. కవరు బయటికి తెచ్చాను.

“తొందరగా తెరువు, సాయంత్రానికి వెళ్లిపోవాలి” అన్నారు సారు.

“రేపు పొద్దున సార్. సల్లగున్నప్పుడే తెరిస్తే బయటి గాలి తగిలి రాయికి చెమట పడ్తది. మా విత్తనాలకైనా గంతే.”

“తెరువ్‌రా! ఈయన పోతే నా ఇజ్జత్ పోతది” అని చిన్నాయన మొత్తుకున్నాడు. నేను కదల్లేదు.

సారు నన్ను ఎగాదిగా చూసి, “ఏం చదివావు?” అన్నారు.

“టెన్త్ ఫేల్ సార్.”

తాను చెప్పాల్సిన మాట నేను చెప్పినందుకేమో, తల గోక్కుని ఆగిపోయారు. ఊరివాళ్లు నవ్వుకుంటూ ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు. ఆ పూట సారుకు బస, కోడికూర చిన్నాయన ఇంట్లోనే.

మర్నాడు కవరు కత్తిరిస్తే రాయి మీద చుక్క తడి లేదు. సారు భూతద్దంతో తిప్పి తిప్పి చూసి, “ఆకాశం నుంచి పడిందే” అన్నారు. చిన్నాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. రాయిని సారు పరీక్షలకని పట్టుకుపోయారు.

ఊళ్లో చెబితే ఎవడు నమ్మాడు! “కోడికూర తిన్న నోరు గట్లనే అంటది” అన్నారు.

చిన్నాయన బతికున్నన్నాళ్లూ నేను కనబడితే చాలు, అదే మాట: “ఆ పూట పచ్చిపులుసు పోసినా అయిపోతుండె గదరా!”