నా మిషన్ ఆగిన చోట

మా తోడికోడలికి మిషన్ తొక్కడం నేర్పింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. అడిగితే తనే చెబుతుంది, పాపం. కానీ అడిగేవాళ్ళేరీ?

మా మరిదిని చేసుకుని ఇంటికి వచ్చేనాటికి ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేనే మా చొక్కాల కంపెనీకి తీసుకెళ్ళి, నా పక్క మిషన్ దగ్గర కూర్చోబెట్టి, పనికిరాని గుడ్డల మీద తిన్నగా కుట్టు వేయించాను. నేను కాలర్లు కుడతాను. లైనులో కాలర్లు కుట్టేవాళ్ళ గౌరవమే వేరు. తొడుక్కున్నవాడి ముఖం కింద కనబడేది మా పనే. ఆమెకు మణికట్టు దగ్గరి కఫ్‌లు ఇచ్చారు. పన్నెండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం.

నా మిషన్ నడుస్తోందో లేదో దగ్గరికి వస్తేగాని తెలియదు. రోజూ సాయంత్రం నూనె వేసి, తుడిచి, గుడ్డ కప్పిగాని లేవను. ఆమెదేమో ఒకటే రొద. బెల్టు మీది రేకు వదులైపోయి టకటక టక్, టకటక టక్ అని కొట్టుకునేది. “ఆ రేకు బిగించుకోవే, నా చెవులు పోతున్నాయి” అని వందసార్లు చెప్పి ఉంటాను. “రేపు బిగిస్తానక్కా” అనేది. ఆ రేపు వచ్చి ఉంటే నా బతుకు హాయిగా ఉండేది.

మా కంపెనీలో ఇస్త్రీ చేసే ఆయన కూతురు ఒక బ్యాండులో ఉంది. నలుగురు పిల్లలు. నలుగురి తాతలూ మావాళ్ళలాగే ఇండియా వైపు నుంచి ఈ దేశానికి పని కోసం ఓడలెక్కి వచ్చినవాళ్ళు, ఇంటికో భాష. దక్షిణాసియా మూలాలున్న బ్యాండు అని పేపర్లవాళ్ళు రాస్తారు. నేను మాత్రం కరెంటు బ్యాండు అంటాను. డప్పు లేదు, వేణువు లేదు, అన్నీ వైర్లూ మీటలూ ఒక కంప్యూటరూ. కరెంటు పోతే వాళ్ళ సంగీతం సరి. పాటలైనా ప్రేమ గురించా అంటే కాదు. ఇళ్ళు ఖాళీ చేయించడం గురించి, ఒంటి రంగు చూసి దారిలో ఆపే పోలీసుల గురించి, పనిగంటల గురించి.

ఆ అమ్మాయి ఒకరోజు వచ్చి, “బుధవారం మీ మిషన్ల చప్పుడు రికార్డు చేసుకుంటామాంటీ. పాటలో వాడతాం. లైనులో మీరే సీనియరు కదా, మీ మిషన్‌తోనే మొదలుపెడదాం” అంది. మేనేజరుకు కాలేజీ పని అని చెప్పి ఒప్పించారట.

నా మిషన్ పాటలోకి ఎక్కబోతోంది! ఆ సంతోషంలోనే నా కొంప నేను ముంచుకున్నాను. మంగళవారం పని అయ్యాక గంటసేపు కూర్చుని ప్రతి స్క్రూ బిగించాను. నూనె రెండింతలు వేశాను. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాను. బడిలో ఫొటో తీసే రోజున పిల్లను తయారుచేసినట్టు తయారుచేశాను.

బుధవారం ఆ అమ్మాయి నా మిషన్ పక్కన మైకు పెట్టి, చెవులకు అవేవో తగిలించుకుంది. కాసేపు విని నుదురు చిట్లించింది.

“ఆంటీ, నడుస్తోందా?”

“నడవకేం? చేతిలో కాలర్ కనబళ్ళేదా?”

“చాలా మెత్తగా ఉందాంటీ. ఏమీ దొరకట్లేదు.”

సరిగ్గా అప్పుడే పక్కనుంచి మొదలైంది, టకటక టక్. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. “ఇదే! నాకు కావాల్సింది ఇదే!” అంటూ మైకు తీసుకెళ్ళి కఫ్‌ల బల్ల మీద పెట్టేసింది. ఇక సాయంత్రందాకా అది అక్కణ్ణుంచి కదలలేదు.

శుభ్రంగా పనిచేసేదాన్ని నేను, పేరు ఆ డొక్కు మిషన్‌కా?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ వారమే కంపెనీ మా మధ్యాహ్నం విరామాన్ని పదిహేను నిమిషాల నుంచి ఏడుకు కుదించింది. మిషన్లు ఆపేద్దామని లైనంతా గుసగుసలు. మొదట ఆపేదెవరు? “కాలర్ అక్క ఆపితే మేమూ ఆపేస్తాం” అన్నారందరూ. నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నిజానికి భయం. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మూడున్నర అయింది. ఆ అమ్మాయి కఫ్‌ల బల్లకు ఆనుకుని తల ఊపుతోంది. మా తోడికోడలు ఊపుమీదుంది, వేగం పెంచేసింది. టకటక టక్, టకటక టక్. ఇక నావల్ల కాలేదు. మిషన్ ఆపాను. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ ఎత్తి, చక్రాన్ని చేత్తో సగం చుట్టు తిప్పి సూది పైకి తెచ్చాను. అది నా అలవాటు, టక్ మని ఒక చిన్న చప్పుడు అవుతుంది. స్విచ్చి కట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పోరాటమూ లేదు, గీరాటమూ లేదు. అలిగాను, అంతే.

పక్కన ఆ టకటక తడబడి ఆగింది. తర్వాత వెనక జేబులు కుట్టేవాళ్ళు ఆపారు. తర్వాత చేతులు, గుండీలు కుట్టేవాళ్ళు. చూస్తుండగానే నలభై మిషన్లూ ఆగిపోయాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. “మా పదిహేను నిమిషాలు మాకివ్వండి” అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఓహో, నేను చేసింది ఇదా అనుకున్నాను.

ఆరు రోజులు గేటు బయట కూర్చున్నాం. పదిహేను నిమిషాలూ తిరిగొచ్చాయి. కాలర్ అక్క గుండె గట్టిదని అందరూ మెచ్చుకున్నారు. ఎందుకు ఆపావని మాత్రం ఎవరూ అడగలేదు.

తర్వాత పాట వచ్చింది. ఏ ఊరేగింపులో చూసినా అదే. పోస్టరు మీద మా తోడికోడలు, తన మిషన్‌తో సహా. బస్సులో ఆడపిల్లలు సీటు మీద టకటక టక్ వాయించేవాళ్ళు. పాట మొదలైతే చాలు, నేను లేచి పోయేదాన్ని. “చివరిదాకా వినక్కా, ఒక్కసారి” అని ఆమె బతిమాలేది. “పొయ్యి మీద పాలున్నాయి” అనేదాన్ని. ఈ మూడేళ్ళలో నా పొయ్యి మీద ఎన్ని పాలు కాగాయో లెక్కలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం యూనియన్ హాల్లో ఆ బ్యాండు వాయించింది. మా తోడికోడలు నన్ను మధ్య వరసలో కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని వదల్లేదు. కాలర్లు కుట్టే చేతికన్నా కఫ్‌లు కుట్టే చేతికే బలమెక్కువని అప్పుడే తెలిసింది.

పాట మొదలైంది. టకటక టక్. దాని మీద ఏవో ఉరుములు, ఎవరిదో పాత నినాదం. వేగం పెరిగింది, ఇంకా పెరిగింది, జనం లేచి ఎగురుతున్నారు. అంతలో, టక్.

నా చక్రం. సగం చుట్టు. ఆ రోజు పక్క బల్ల మీది మైకు దాన్నీ పట్టేసిందన్నమాట. నా పిల్లల దగ్గును ఎలా గుర్తుపడతానో అలా గుర్తుపట్టాను. ఆ వెంటనే మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తర్వాత ఏమీ లేదు. మూడువందల మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఆ అమ్మాయి మైకులో అంది: “ఈ పాటలో అందరూ ఎదురుచూసేది ఈ నిశ్శబ్దం కోసమే. ఇది మొదలుపెట్టినావిడ ఇక్కడే ఉన్నారు.” దిగివచ్చి మైకు నా చేతికిచ్చింది. “ఆ రోజు ఎందుకు ఆపారాంటీ?”

పదిహేను నిమిషాల కోసం అంటే సరిపోయేది. చప్పట్లు కొట్టేవాళ్ళు. కానీ నా మణికట్టు ఇంకా మా తోడికోడలి చేతిలోనే ఉంది.

“కుళ్ళుతో” అన్నాను. “మా తోడికోడలి మిషన్ రికార్డు చేస్తున్నారని కుళ్ళుకుని ఆపాను.”

హాలంతా పగలబడి నవ్వింది. జోకు అనుకున్నారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. నా చెయ్యి వదిలేసింది.

బస్టాపులో బస్సు కోసం నిలబడ్డాం. చివరికి తనే అంది.

“నాకు తెలుసక్కా. ఆ రోజు నీ మొహం చూశాగా.”

“మరి నువ్వెందుకు ఆపావే? మైకు నీ ముందే ఉందిగా.”

“ఆపలేదు. నా కాలు ఆడలేదు.” నేలవైపు చూస్తూ చెప్పింది. “నీ మిషన్ ఎవరికీ వినబడదు, పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నాకు వినబడుద్ది. పన్నెండేళ్ళూ దాన్ని వింటూనే కుట్టాను. అందరూ నాది అనుకునే ఆ టకటక, నిన్ను అందుకోవాలని నేను పెట్టిన పరుగే అక్కా. నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నావా? నువ్వు ఆగేసరికి ఎటు కుట్టాలో తెలీలేదు.”

బస్టాపు గోడ మీది పోస్టరులో ఆమె ఫొటో ఎదురుగానే ఉంది. దాని మీద నాకు ఇప్పటికీ కుళ్ళే, దాచేదేముంది.

బస్సు ఎక్కాక అంది, “రేపు ఆ రేకు బిగించేస్తానక్కా.”

“ఏం అక్కర్లేదు, ఉండనీ” అన్నాను.