జాలరిపేటకు ఉప్పు చూడబోయి

ఈ ప్రయాణానికి కారణం మా తునిలో సండే స్కూలుకు వచ్చే ఒక పిల్ల. విశ్వాసులు లోకానికి ఉప్పులాంటి వాళ్లని, లోకం చెడిపోకుండా కాపాడాలని ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. మొన్న ఆ పిల్ల లేచి, "సార్, ఉప్పేస్తే చేప ఎందుకు కుళ్లదు? మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెడతారు" అంది. నాకు తెలిస్తేగా! పాస్టరు గారిని అడిగితే, విశాఖ జాలరిపేటలో తన పిన్ని మరియమ్మ గారు ఉప్పుచేపలు చేస్తారని, వెళ్లి కళ్లారా చూసి రమ్మని నవ్వారు.

శనివారం ఉదయం ఆరున్నరకు జనరల్ టిక్కెట్టు తీసుకుని రైలెక్కాను. అనకాపల్లి దాకా నిలబడే ఉన్నాను. పక్కనున్న స్టీల్ ప్లాంటు ఉద్యోగి, "ఉప్పు చూడ్డానికి వైజాగ్ వస్తన్నారేటి సార్? సబ్‌మెరైన్ చూడండి, ఫొటోలు బాగా వస్తాయి" అని సలహా ఇచ్చాడు. తొమ్మిదింటికి దిగి, స్టేషన్ బయట నలభై రూపాయల ఇడ్లీ తిని, ఆటోలో జాలరిపేట చేరాను. ఆటో అతను నూట యాభై తీసుకున్నాడు. మీరు వెళ్తే బేరమాడండి, నాకు చేతకాలేదు.

మరియమ్మ గారికి అరవై ఏళ్లుంటాయి. పడవల పక్కన కూర్చుని, కడుపు చీల్చి శుభ్రం చేసిన కానాగంత చేపలకు ఉప్పు రుద్ది తొట్టెలో వరసలుగా పేరుస్తున్నారు. నా ప్రశ్న అడిగాను.

"ఉప్పు సేపలో నీరంతా లాగేత్తాది బాబూ. నీరుంటేనే గదా కుళ్లేది. పైపైన సల్లితే లాభం నేదు, లోపలికల్లా రుద్దాల."

ఆమె కళ్లు మాత్రం ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. నా నోరు ఊరుకుంటుందా? అదీ అడిగేశాను.

సంగతి ఇది. మూడు రోజుల క్రితం కూతురి పురుడని ఆవిడ భీమిలి వెళ్లారు. ఇక్కడ మబ్బు పట్టి, ఎండబెట్టిన చేపలు ఆరక ఈగలు ముసిరాయి. పక్కింటి పైడమ్మ తన చేపల మీద ఈగల్ని చంపే మందు పొడి చల్లుకుంటూ, పాపం తను అప్పా అని పిలిచే అక్క ఊళ్లో లేదు కదా అని, మంచి మనసుతో మరియమ్మ గారి చేపల మీదా చల్లింది. ఇదేమీ తెలియని మరియమ్మ గారు తిరిగొచ్చి, ఆ చేపల్ని నిన్న పొద్దున మధురవాడలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు ఇచ్చి వచ్చారు. రెండేళ్లుగా వాళ్ల ఆర్డరు మీదే ఇల్లు గడుస్తోంది. పొడి చల్లిన మాట రాత్రి పైడమ్మే కబుర్లలో చెప్పింది.

"రేపు ఆదారం, వండేత్తారు. రాత్రీ పొద్దున్నా ఫోన్ సేత్తే వార్డెనమ్మ ఎత్తనేదు. ఇప్పుడు నానే ఎల్తాను."

"చేపలు వెనక్కి తెచ్చేసుకోండి. తడిశాయనో ఏదో చెప్పండి. పొడి మీరు చల్లలేదు కదా, ఆ మాటెత్తి ఆర్డరు పోగొట్టుకోవడం ఎందుకు?" అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. "అబద్దం సెప్పమంటారేటి మాస్టారూ?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నా మొహం మాడిపోయింది. ఆవిడ వెంట బయల్దేరాను.

హనుమంతవాక దాకా ఆటో, అక్కడి నుంచి మధురవాడకు సిటీ బస్సు. ఆడవాళ్లకు ఉచితం, నాకు ఇరవై రూపాయలు. హాస్టల్ చేరేసరికి పన్నెండు దాటింది.

"అమ్మా, ఆ సేపలు వండొద్దు. వాటిమీద ఈగల పొడి పడ్డాది. తప్పు నాదే" అన్నారు మరియమ్మ గారు.

వార్డెన్ ఉలిక్కిపడింది. "ఎవరు చల్లారు?"

"సరుకు నాది తల్లీ. ఎవులు సల్లితే ఏటి?"

పైడమ్మ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగాను.

వార్డెన్ చేపల బుట్ట తిరిగి ఇచ్చేసింది. "వండకముందే వచ్చి చెప్పారు, సంతోషం. కానీ పిల్లల తల్లిదండ్రులకు నేను జవాబు చెప్పుకోవాలి. ఇకమీదట మీ దగ్గర తీసుకోలేమమ్మా."

తిరుగు బస్సులో ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "బాదగానే ఉంది బాబూ. కోడలికేటి సెప్పాలో తెలట్నేదు."

రెండున్నరకు జాలరిపేట వచ్చేసరికి పైడమ్మ దారి కాస్తోంది. నలభై ఏళ్ల బలమైన మనిషి, దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నా పేరు సెప్పీసినావా అప్పా?"

"నీ పేరెందుకే? నువ్వు నా మంచికే గదా సేసినావు."

పైడమ్మ వెళ్లి పార తెచ్చింది. గొయ్యి తవ్వి, హాస్టల్ నుంచి తెచ్చిన చేపల్ని అందులో వేసింది. అంతటితో ఆగలేదు. వల మీద ఆరబెట్టిన తన చేపలన్నీ ఎత్తి తెచ్చి అదే గోతిలో కుమ్మరించింది.

"ఓలమ్మో! అన్నీ ఎందుకే?" అన్నారు మరియమ్మ గారు.

"ఊరుకో అప్పా. ఇన్నాళ్లూ ఎవులు తిన్నారో ఏటో" అంటూ పైడమ్మ ఏడ్చేసింది.

మూడింటికి మరియమ్మ గారింట్లో చారూ అన్నం తిని, ఐదుంపావు రైలెక్కాను. ఈసారి కిటికీ పక్కన సీటు దొరికింది, కానీ నాకు బయటికి చూడబుద్ధి కాలేదు. సిగ్గేసింది. ఇన్నేళ్లు పాఠం చెప్పింది నేను, పాటించింది ఆవిడ. అబద్ధం నేర్పబోయింది మాత్రం నేనే.

పది రోజుల తర్వాత, ఇది రాసే ముందు, ఆవిడకు ఫోన్ చేశాను. హాస్టల్ ఆర్డరు మళ్లీ రాలేదు. కోడలు రెండు రోజులు అలిగి మాట్లాడలేదట. కానీ వాళ్ల ఇళ్ల వరసలో ఇప్పుడు నలుగురు ఆడవాళ్లు చేపల మీద పొడి చల్లడం మానేశారు.

"మీరు బాగా నచ్చజెప్పారన్నమాట" అన్నాను.

"నానేటీ సెప్పనేదు బాబూ" అని నవ్వారు. "పైడమ్మే ఇంటింటికీ ఎల్లి తిడతంది."