యాభై అయిదు నిమిషాల సాక్షి

గ్రీన్‌బేలో ఆ వయసు మగవాడెవణ్ణి కదిపినా, అరవై ఏడు డిసెంబరు ముప్పై ఒకటిన, డల్లాస్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగినప్పుడు, తాను స్టేడియంలోనే ఉన్నానంటాడు. ఉన్నవి యాభై వేల సీట్లు. ఈ లెక్కన ఒక్కో సీట్లో నలుగురు ఒకరి ఒళ్లో ఒకరు కూచుని ఉండాలి. ఆ చలికి అదే మేలేమో. నాకు తెలిసి నిజం చెప్పినవాడు ఫెర్డ్ మాసార్ ఒక్కడే. యాభై అయిదు నిమిషాలు ఉన్నాననేవాడు. ఆటేమో అరవై నిమిషాలు.

ఊరికి పద్దెనిమిది మైళ్ల అవతల అతనికి ముప్పై రెండు పాడి ఆవులు. ఒకచోట కుదురుగా ఉండటం ఎరగడు. చర్చిలో కూడా వెనక నిలబడి, ప్రసంగం సగంలో బయటికొచ్చి ఆకాశం చూసేవాడు. దీన్ని భక్తి లేకపోవడమన్నవాళ్లున్నారు, కష్టజీవి లక్షణమని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ కావు. కాళ్లు ఆగవు, అంతే.

ఆ ఉదయం ఫారెన్‌హీట్ సున్నాకి పదమూడు డిగ్రీలు కింద. కొట్టంలో తొలిచూలు ఆవొకటి ఈనడానికి సిద్ధంగా ఉంది. పుట్టిన దూడని వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే ఆ చలిలో దక్కదు. ఫెర్డ్ ఆటకి వెళ్లనన్నాడు. ఇంటికీ కొట్టానికీ మధ్య ఇరవైసార్లు తిరిగాడు. భార్య లియోనాకి విసుగొచ్చింది.

"నువ్విలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే దానికి రావలసిన నొప్పులు కూడా రావు. పో, మా తమ్ముడితో కూచుని ఆట చూసుకో."

వెళ్లాడు. ఎప్పటిలాగే స్టేడియం పక్కవీధిలో ఒక ముసలావిడ పెరట్లో ట్రక్కు పెట్టి, బ్యాటరీ ఊడదీసి ఆవిడ వంటింట్లో పొయ్యి పక్కన దించాడు. అలా చెయ్యనివాళ్ల బళ్లు చాలావరకు ఆ సాయంత్రం కదల్లేదు.

బూట్లలో వార్తాపత్రికలు, కాళ్లకింద అట్టముక్క. రిఫరీల ఈలలు గడ్డకట్టి, నోటితో అరిచి ఆట ఆపుతున్నారు. మనవాళ్లు పద్నాలుగు, డల్లాస్ సున్నా అయినప్పుడు ఫెర్డ్ కాస్త కుదుటపడ్డాడు. తరవాత బంతి రెండుసార్లు చేజారింది. చివరి భాగం మొదట్లోనే డల్లాస్ పదిహేడు. ఫెర్డ్ గడియారం నాలుగు చొక్కాల చేతుల కింద ఉంది కాబట్టి, నిమిషానికోసారి బావమరిది నార్బర్ట్‌ని టైమడిగాడు. అయిదు నిమిషాలున్నాయనగా లేచాడు.

"కూచో బావా. నువ్వు లేకుండానే దూడలు పుడతాయి."

"చస్తాయి కూడా," అన్నాడు ఫెర్డ్.

ముసలావిడ రేడియోకి చెవి ఆనించి కూచుంది. టిక్కెట్లు అమ్ముడవ్వాలని ఆ రోజుల్లో ఆట జరిగే ఊరివాళ్లకి దాన్ని టీవీలో చూపించేవారు కాదు మరి. ఇంకాసేపట్లో తేలిపోతుంది, చేతులు కాచుకుని కాఫీ తాగి వెళ్లమంది. ఫెర్డ్ బ్యాటరీని చంటిపిల్లలా పొదువుకుని పెరట్లోకి నడిచాడు. చేతితొడుగులతో మరలు దొరకవు. వట్టి చేతులతోనే బిగించాడు. రెండో మర బిగుస్తుండగా స్టేడియం ఒక్కసారిగా గర్జించింది. ఏమైందో అడగడానికి లోపలికి పోలేదు. ట్రక్కు రేడియో పాడై ఆరు నెలలైంది.

కొట్టంలోకి వెళ్లేసరికి దూడ గోనెపట్టా మీద ఉంది. లియోనా ఒక్కతే లాగి, తుడిచింది. కానీ చెవులు రెండూ బిర్రబిగిసి ఉన్నాయి. ఫెర్డ్ వంగి వాటిని గుప్పిట పట్టుకున్నాడు.

"వదులు. నీ చేతులు వాటికంటే చల్లగా ఉన్నాయి."

కోటు విప్పి దూడ తల చంకలో పెట్టుకుని కూలబడ్డాడు. పైన రేడియోలో ఏదో పాట వస్తోంది. పాలు బాగా ఇస్తాయని అది పొద్దంతా ఆవులకే మోగుతుంది.

"గెలిచామా?"

"నువ్వు ఎక్కణ్ణించి వస్తున్నావు?"

లియోనాయే చెప్పింది.

"ఆట అయిపోడానికి పదహారు సెకన్లున్నాయి. గోల్ గీతకి రెండడుగులు. మన క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనక నించి పరిగెత్తుకొచ్చేవాడికి ఇస్తాడనుకున్నారు అందరూ. అతను ఎవరికీ ఇవ్వలేదు, బంతి పట్టుకుని తనే గీత దాటి దూరిపోయాడు, గెలిచాం. సరిగ్గా అప్పుడే దీని కాళ్లు చేతికందాయి. నేనూ లాగాను."

ముప్పావుగంట కదలకుండా కూచున్నాడు. అతని జన్మలో అంతసేపు ఎక్కడా కూచోలేదు. చంకలో ఉన్న చెవి దక్కింది. రెండోదాని కొస వారంలో రాలిపోయింది.

ఆ తరవాత ఏళ్లపాటు, బార్లో ఎవడైనా ఆ చివరి తోపు కళ్లారా చూశానని మొదలుపెడితే, ఫెర్డ్ గ్లాసు సగంలో వదిలి లేచేవాడు. పాలు పితికే వేళైందనేవాడు. ఒక్కోసారి మధ్యాహ్నం రెండే అయ్యేది.