బుట్టలో చెవి మిషను

ప్రపంచంలో ఇంటర్నెట్టు ఇంత వేగంగా నడుస్తోందంటే దానికి కారణం నా చెవి మిషను. సరే, ప్రపంచమంతా కాకపోవచ్చు. మా కోడలి కంపెనీ కంప్యూటర్ల వరకైనా ఒప్పుకోండి.

కోడలిది కెర్నెల్ అనే ప్రోగ్రాముతో పని. కంప్యూటరు లోపల అందరిమీదా పెత్తనం దానిదే. బయటినుంచి సమాచారం పొట్లాలు పొట్లాలుగా వస్తుంది. ఒక్కో పొట్లం రాగానే నెట్‌వర్క్ కార్డు గంట కొడుతుంది. ప్రాసెసర్ చేతిలో పని వదిలేసి పరుగెత్తాలి. లక్షల్లో వచ్చిపడితే పాపం దానికి గంటలు వినడమే ఉద్యోగం. అందుకని కొన్ని పొట్లాలు పోగయ్యాకే గంట మోగేలా కోడలు ప్రోగ్రాము రాసింది. రద్దీలో బ్రహ్మాండంగా నడిచింది. రద్దీ లేనప్పుడు మాత్రం, ఒంటరిగా వచ్చిన పొట్లం తోడు కోసం ఎదురుచూస్తూ గుమ్మంలోనే కూలబడింది. వాళ్ల ఆఫీసు పెద్దాయన దాన్ని తిప్పిపంపాడు. ఈ వారంలో సరిచేయకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు. ఏడాదిగా బిడ్డలా సాకిన పని. కోడలికి తిండి సయించలేదు.

ఈ గంటల గొడవ మా ఇంట్లోనూ ఉంది. మేడమీద ఆమె గదికి ఒక బెల్లుంది. కళ్లజోడు మర ఊడిందని నేను, రిమోటు మొండికేసిందని మా ఆవిడ, ఊరికే పలకరిద్దామని మళ్లీ నేను, నొక్కుతూనే ఉండేవాళ్లం. చివరికి కోడలు బెల్లు వైరు పీకేసి తలుపు పక్కన బుట్ట పెట్టింది. పాడైనవన్నీ అందులో వేయాలట. నిండాక చూస్తుందట.

మర్నాడు పొద్దున నా చెవి మిషను మూగబోయింది. తీసుకెళ్లి బుట్టలో వేశాను. నా ఖర్మకొద్దీ ఆ రోజు ఇంట్లో ఇంకేదీ పాడవలేదు. సందు దొరికింది కదా అని మా ఆవిడ, పెళ్లయిననాటినుంచీ కడుపులో దాచుకున్నదంతా నా మొహం మీదే కడిగేసింది. నేను అన్నిటికీ నవ్వుతూ తలూపాను. చుట్టలు మానేస్తానని కూడా ఒప్పుకున్నానట.

మధ్యాహ్నం కోడలు కాఫీకని బయటికొచ్చి బుట్టలోకి చూసింది. అప్పుడు జరిగిన సంభాషణ తర్వాత మా ఆవిడ చెప్పిందే.

"అయ్యో, ఇది పొద్దుటినుంచీ ఇక్కడే ఉందా అత్తయ్యా?"

"బుట్ట నిండలేదు కదమ్మా. నువ్వెందుకు చూస్తావు?"

కోడలు మెట్టు మీదే నిలబడిపోయింది. కాఫీ సంగతి మరిచి వెనక్కి పరుగెత్తింది. ఆమెకు తట్టిన ఉపాయం ఇదీ: మొదటి పొట్లానికి వెంటనే గంట కొట్టాలి. ఆపైన గంట నోరు మూసేసి, బుట్ట ఖాళీ అయ్యేదాకా ప్రాసెసరే వరసగా తీసి చూసుకోవాలి. ఖాళీ అయ్యాక గంటను మళ్లీ వదలాలి. అంతే.

పెద్దాయన ఈసారి కిమ్మనకుండా తీసుకున్నాడు. ఆ సాయంత్రం కోడలు చిన్నపిల్లలా గెంతుకుంటూ మెట్లు దిగి, మిషను బాగుచేసి నా చెవిలో తనే పెట్టింది. బెల్లు వైరు కూడా అతికించింది.

ఇదంతా కథగా రాసి, కోడలిని కూర్చోబెట్టి మొదటినుంచీ చదివి వినిపించాను. కోడలు ఓపిగ్గా విని కుర్చీలోంచి లేచింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు మామయ్యగారూ. ఆ ఉపాయం నాకు ఆఫీసులో, కొలతలు చూస్తుంటే తట్టింది. ఆ బుట్ట ఉతికే బట్టలది. అసలు మీకు చెవి మిషనే లేదు."