అంతే పెద్ద అక్షరాలు

దర్జీగారి అమ్మాయి ప్రిన్సిపాలు కాళ్ళు పట్టుకుని క్షమాపణ రాసిచ్చిందని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. పాలకొట్టు దగ్గర ఒకావిడ అంది, మేడ మీద బట్టలారేస్తూ ఇంకొకావిడ అంది. అన్నవాళ్ళలో ఒక్కరూ కాలేజీ గేటు దాటి వెళ్ళి ఆ కాగితం చూసిన పాపాన పోలేదు. నేను వెళ్ళి చదివాను. నా చదువు అయిదో తరగతే కానీ, గోడ మీద ఏదైనా రాసి ఉంటే చదవకుండా నాకు కాళ్ళు కదలవు. ఆ పిల్ల క్షమాపణ రాసిన మాట నిజమే. రాసింది ప్రిన్సిపాలుకి కాదు, మా పక్కింటి ప్లంబరుకి.

ఆ అమ్మాయిని నేను ఎందుకమ్మ అంటాను. వేలెడంత ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కొట్లోనే కూర్చునేది. బట్టలు కుట్టించుకుందామని వెళ్తే, "పెద్దమ్మా, నీ నడుము కొలత పోయినసారి కంటే పెరిగింది, ఎందుకు?" అని పదిమంది ముందూ అడిగేది. దర్జీ టేపు నోట్లో కరుచుకుని నవ్వాపుకునేవాడు.

ఇప్పుడు ఆ పిల్లే కాలేజీలో గోడపత్రికకు సంపాదకురాలు. మెట్ల పక్కన అద్దం తలుపున్న పెద్ద చెక్కపలక ఉంది, అదే వాళ్ళ పత్రిక. విద్యార్థులే రాస్తారు, విద్యార్థులే అంటిస్తారు. ఏది వేయాలో తేల్చే హక్కు సంపాదకురాలిదేనని ఆ కాలేజీ నియమాల్లోనే ఉందట. వేసినదానికి జవాబు చెప్పుకోవలసిందీ ఆవిడేనట. మొదటి ముక్క విని దర్జీ మురిసిపోయాడు. రెండో ముక్క విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పోయిన నెల హాస్టలు పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి కడుపునొప్పులు పట్టుకున్నాయి. నీళ్ళ ట్యాంకు ఏడాదిగా కడగలేదని లోపలి మనిషి ఎవరో ఎందుకమ్మ చెవిన వేశారు. పేరు బయట పెట్టనని మాటిచ్చి, హాస్టల్లో ఉండే స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఆ పిల్ల మేడెక్కింది. మూత తీస్తే అడుగంతా నాచు. ట్యాంకు మీద మాత్రం, కడిగిన తేదీ అని మొన్న మొన్నటి తేదీ, దాని కింద మా ప్లంబరు పేరు, ఫోను నంబరు. ఫొటో తీసుకుంది.

ఆఫీసులో అడిగితే, తేదీ రాసి ఉంది కదా, కళ్ళు లేవా అన్నారట. ప్లంబరుకి ఫోను చేస్తే కలవలేదు. ఇంటికి వస్తే తాళం. నేను గేటు దగ్గరే ఉన్నాను. భార్యాపిల్లలతో అత్తవారింటికి వెళ్ళాడు, వారం తిరిగేలోపు వస్తాడు, వచ్చాక అడుగు అన్నాను. పిల్లలు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారు పెద్దమ్మా అంటూ వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

మర్నాడు పలక మీద పెద్ద అక్షరాలతో పడింది: కడగని ట్యాంకు, కడిగిన తేదీ. ఆ సాయంత్రమే ట్యాంకు కడిగించారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అందులో ఒక వాక్యం ఉంది, ప్లంబరు పని చేయకుండానే చేసినట్టు రాసుకుని వెళ్ళాడని.

ప్లంబరు ఊరి నుంచి వచ్చేసరికి ఆ వార్తతో పాటు అతగాడి పేరు అందరి ఫోన్లలోకీ ఎక్కింది. రమ్మన్న ఇళ్ళవాళ్ళే ఇప్పుడొద్దులే అన్నారు. అతని భార్య మా వంటింట్లో కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే ఉంది. లాయరు దగ్గర గుమాస్తా చేసే ఆమె తమ్ముడు, పరువు తీసినందుకు కేసు వేద్దాం బావా అని ఎగురుతున్నాడు. ప్లంబరు మాత్రం గడపలో కూర్చుని పైపులు బిగించే పానాలు తుడుచుకుంటున్నాడు. వాటికి మురికేమీ లేదు.

నాకు కాలు నిలవలేదు. దర్జీ కొట్టుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. సాయంత్రానికల్లా ఎందుకమ్మ ఫొటో పట్టుకుని ప్లంబరు గడపలో నిలబడింది. అతను ఫొటో చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, పేరు నా చేతి రాతే. తేదీ నాది కాదు. నేను నీలం రంగుతో రాస్తాను, ఇది నలుపు. నేను కడిగింది నిరుడు. ఈ ఏడు నన్నెవరూ పిలవలేదు."

పాత తేదీ మీద ఎవరో కొత్తది రాసి, కింద ఇతని పేరు అలాగే వదిలేశారన్నమాట. ఆ ఫొటోని ఆ పిల్ల ఎన్నిసార్లు చూసుకుందో.

"అడుగుదామనే వచ్చానన్నా. తాళం వేసి ఉంది," అంది.

"తాళాన్ని అడిగి రాసేశావా తల్లీ?" అన్నాడతను.

 

అతని మాటని కూడా ఆ పిల్ల ఊరికే తీసుకోలేదు. మళ్ళీ మేడెక్కి ట్యాంకు మీది తేదీని గోటితో గీకింది. నలుపు కింద నీలం, నిరుటి తేదీ. నీళ్ళ సంగతి వేసి, మనిషి సంగతి అతను వచ్చేదాకా ఆపి ఉండవలసిందని తర్వాత నాతో తనే అంది.

ఈలోగా తప్పు దొర్లిందన్న సంగతి ప్రిన్సిపాలుకి చేరింది. ఆ పిల్లకి కబురు పెట్టాడు. దర్జీ తన కొట్టు వదిలేసి, మెడలో టేపుతోనే వెళ్ళి గది బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపలి మాటలన్నీ వినబడ్డాయట. రాసిందంతా అబద్ధమని ఒప్పుకుని తీసెయ్యాలి, ట్యాంకు సంగతి మోసినవాళ్ళ పేరు చెప్పాలి, లేదా పలకకి తాళం పడుతుంది అన్నాడట ప్రిన్సిపాలు.

"ఒక వాక్యం తప్పు సార్, దాన్ని నేనే దిద్దుతాను. మిగతాది నిజం, తీయను. పేరు చెప్పనని మాటిచ్చాను. మీరు చెప్పదలుచుకున్నది రాసివ్వండి, అక్షరం మార్చకుండా పక్కనే వేస్తాను," అందట.

స్నేహితురాళ్ళు ఆ పిల్లని వదల్లేదు. ఇప్పుడు తప్పని రాస్తే కర్ర తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చినట్టే, ఆయన అంతా అబద్ధమనే అంటాడు, అంతగా రాయాలనుంటే అడుగున ఓ మూల చిన్న అక్షరాలతో పడెయ్ అన్నారు. మర్నాడు పొద్దున్నే పలక నడిమధ్యన, మొదటి వార్త శీర్షిక ఎంత ఉందో అంతే పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది: ప్లంబరు తప్పేమీ లేదు. అతన్ని అడగకుండా రాశాను. తప్పు నాది, క్షమించాలి. కింద తన పేరు. పక్కన ట్యాంకు వార్త, ఆ ఒక్క వాక్యం కొట్టేసి, మిగతాది అలాగే.

ప్రిన్సిపాలు అన్నంతపనీ చేశాడు, అద్దం తలుపుకి తాళం వేయించాడు. కోపంలో ఆయనకి తట్టలేదు గానీ, కాగితాలు లోపలే ఉండిపోయాయి. తాళం తీసి చింపుదామంటే మెట్ల నిండా పిల్లలు. దాంతో ఆ క్షమాపణ వానకి తడవకుండా, గాలికి ఎగరకుండా, ఎవరూ ముట్టుకోకుండా భద్రంగా ఉంది. నేను చదివింది ఆ అద్దంలోంచే. నా వెనకాల ప్లంబరు భార్య కూడా చదివింది, పెదాలు కదుపుతూ, రెండుసార్లు.

కేసు మాట అక్కడితో సద్దుమణిగింది. వద్దన్న ఇళ్ళవాళ్ళు మళ్ళీ ప్లంబరుని పిలుస్తున్నారు. పత్రిక గతే ఇంకా తేలలేదు. నియమాలు చూపించి తాళం తీయించమని ఆ పిల్ల కాలేజీ కమిటీకి అర్జీ పెట్టుకుంది. వాళ్ళు తీయిస్తారో, సంపాదకత్వం ఇంకొకరికి ఇస్తారో తెలీదు. అన్నం సరిగ్గా తినడం లేదని దర్జీ బెంగ.

నిన్న నా చీర అంచు కుట్టించుకోవడానికి వెళ్తే, ఆ పిల్ల కొట్లో బొత్తాలు ఏరుతోంది. ట్యాంకు సంగతి చెప్పిందెవరని మళ్ళీ ఓ రాయి వేసి చూశాను. నవ్వి, సూది ఇటివ్వు పెద్దమ్మా అంది. ఇక లాభం లేదని అసలు మాటే అడిగేశాను. అంత పెద్ద అక్షరాలతో రాసి చేజేతులా తాళం వేయించుకోవడం దేనికి, చీకటి పడ్డాక ప్లంబరు ఇంటికెళ్ళి క్షమించమంటే సరిపోయేదిగా, అతను మంచివాడు, మెత్తబడేవాడు అన్నాను.

చేతిలో బొత్తం డబ్బాలో వేసి అంది:

"ఇంటికెళ్ళి చెబితే ఆయనొక్కడికే తెలుస్తుంది పెద్దమ్మా. తప్పు మాట నేను అందరికీ చెప్పాను కదా."