నానబెట్టని శనగపప్పు

మా అత్తకు పన్నెండేళ్లు వండిపెట్టాను. ఒక్కనాడైనా బాగుందన్న మాట ఆమె నోట రాలేదు. ఉప్పు సరిపోతే కారం ఎక్కువైందనేది, కారం సరిపోతే రొట్టె మందమైందనేది. నేనేమీ తక్కువ తిన్నదాన్ని కాదు. కరీంనగర్ పక్కన మా పుట్టింట్లో పెళ్లయినా చావైనా నా చేతి బియ్యప్పిండి సర్వప్ప ఉండాల్సిందే.

మా ఆయనది బొగ్గుబాయిలో నౌకరీ. నస్పూర్ క్వార్టర్లలో మా గోడ పక్కన ఒక మరాఠీ కుటుంబం దిగింది. చంద్రపూర్ దిక్కు వాళ్లు, మన మాట బాగానే వచ్చు. ఆ ఇల్లాలు నాకంటే పదేళ్లు చిన్నది. వచ్చిన వారానికే శనగపిండి ఉడికించి చేసిన పిట్ల, పలుచటి జొన్నరొట్టెలు పట్టుకొచ్చింది. మా అత్తకు అప్పటికి మిగిలినవి నాలుగు పళ్లు. అందులో నమలడానికి పనికొచ్చేది కుడివైపు దవడపన్ను ఒక్కటే. రొట్టెను పిట్లలో అద్దుకుని రెండు తిన్నది. ఇన్నేళ్లకు కడుపునిండా తిన్నట్టయిందని నా ముందే అన్నది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ పుల్లకూరను మన ఇంట్లో, మనం తోమిన కంచంలో పెట్టుకుని మన ముందే తింటుంటే ఎట్లుంటుందో ఆ సామెత చెప్పినవాళ్లకు తెలియదు. 

ఆ ఇల్లాలి గిన్నె తిరిగిస్తూ అందులో గుప్పెడు చక్కెర పోశాను. ఎందుకని అడిగింది. మా దిక్కు ఎవరి గిన్నె వాళ్లకు ఉత్తగా ఇయ్యరని చెప్పాను. ఏమీ లేకుంటే ఇంత చక్కెరైనా వేస్తాం, ఉత్త గిన్నె పంపితే ఇక మీకూ మాకూ రాకపోకలు లేవని అర్థమన్నాను. పెద్దదాన్ని కదా, గొప్పగా చెప్పాను. ఆమె బుద్ధిగా విన్నది. అప్పటినుంచి వారానికి రెండుసార్లు గిన్నెలు గోడ దాటేవి. మా అత్త లేస్తూనే ఆ గోడ దిక్కు చూసేది.

మా క్వార్టర్ల లైన్ ఆడవాళ్లు మాత్రం ఆమెను మరాఠామె అనేవాళ్లు. పిలిస్తే పలికేవాళ్లు, తమంతట తాము పిలిచేవాళ్లు కాదు. ఇంతలో మా లైన్‌లో ఒకామె భర్తకు బదిలీ అయింది. వాళ్లు పోయేముందు తలా ఒకటి వండి తెచ్చి, అందరం కలిసి తిందామనుకున్నాం. ముందురోజు ఈ మరాఠీ పిల్ల నా దగ్గరికి వచ్చి సర్వప్ప నేర్పమన్నది.

"పిట్ల తీస్కపోతే మళ్ల మరాఠామె అనే అంటరక్కా. మీది చేస్కపోతే మీల కలుపుకుంటరు."

బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, అన్నీ సరిగ్గానే చెప్పాను. కలిపిన పిండిముద్దను సర్వ గిన్నె లోపల పలుచగా అద్ది, నూనె దిగడానికి వేలితో తూట్లు ఎట్లా పెట్టాలో చూపించాను. చివరికి శనగపప్పు నానబెట్టాలా అని అడిగింది.

"వద్దు. పొడి పప్పే ఎయ్యి. గట్లయితేనే కరకరమంటది" అన్నాను.

నానబెట్టని పప్పు ఆ కాస్త సెగకు ఉడకదని మా పుట్టింట్లో పదేళ్ల పిల్లకూ తెలుసు. మరునాడు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు, రుచి చూడదు. అదీ నాకు తెలుసు. నోరు జారి అన్న మాట కాదు అది. ఆ పూట ఇంట్లో వంకాయ కూర కూడా మహా బాగా కుదిరింది.

మరునాడు అందరం కూర్చున్నాక బదిలీ అయిన ఇంటామె మొదటి ముక్క కొరికి, చేతిలో ఉమ్మేసింది. పక్కామె కూడా ఉమ్మేసింది. మరాఠోళ్ల సర్వప్పలో రాళ్లుంటాయని ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. మా అత్త సంగతి మాత్రం నేను అనుకోలేదు. ఎక్కడికీ కదలని మనిషి, ఆ పిల్ల ఏదో చేసిందని విని కట్టె ఊతంగా పట్టుకుని వచ్చి కూర్చుంది. వద్దు అత్తా అనేలోపే కుడివైపు పెట్టుకుని కొరికింది. టప్‌మన్నది. పెదవి మీద నెత్తురు, అరచేతిలో సగం పన్ను.

ఇట్లా చేయమని ఎవరు నేర్పారని ఎవరో గట్టిగా అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసింది. ఇంకా ఆరని నవ్వు నా మొహం మీదే ఉంది. అది చూసింది.

"అక్క మంచిగనే చెప్పింది. నేనే మర్సిన" అన్నది.

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు.  పాపిష్టిదాన్ని, నెత్తురు తుడుస్తున్నట్టు అత్త మీదికి వంగి మొహం దాచుకున్నాను.

మూడోరోజు ఆ పిల్ల తన దగ్గరున్న మా గిన్నె తెచ్చింది. తళతళా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. లోపలికి రమ్మన్నాను, గడప దాటలేదు.

"ఉత్త గిన్నె ఇస్తే ఏమని అర్థమో మీరే చెప్పిండ్రు. గదన్నా నిజమే చెప్పిండ్రా అక్కా?"

జవాబు కోసం నిలబడింది. నిజమే అన్నాను. వెళ్లిపోయింది.

మంచం మీది నుంచి మా అత్త ఏం తెచ్చిందని అడిగింది. ఏమీ తేలేదన్నాను. గిన్నె ఇటియ్యమన్నది. లోపల వేళ్లు పెట్టి తడిమింది.

"ఉత్త గిన్నె తెచ్చే మనిషి గాదు గామె. నువ్వేం జేసినవే?"

వంటింట్లోకి పోయి శనగపిండి కలిపి పిట్ల చేశాను. కంచం ముందు పెడితే ముట్టలేదు. పక్కకు జరిపి మజ్జిగ అన్నం అడిగింది.

ఆ తర్వాత ఆమె బతికిన రెండేళ్లూ రొట్టె నమలలేకపోయింది. రెండు పూటలా నేనే మజ్జిగలో అన్నం నానబెట్టి ఇచ్చేదాన్ని. నా మొహం చూడకుండా, ప్రతిసారీ మెతుకును రెండు వేళ్ల మధ్య నొక్కి చూసుకున్నాకే నోట్లో పెట్టుకునేది.